సున్నం పూసిన తోట

మడుగు పొంగి కాఫీ తోటల్లోకి ఎక్కి, మూడు రోజులు దిగకుండా కూర్చున్న ఏడు జరిగింది ఇది. అక్కడివాళ్ళు ఇప్పటికీ ఏ సంగతి చెప్పినా ఆ వరదకి ముందా, వెనకా అని అడుగుతారు. ఇది వెనక. నీళ్ళు తీసిన ఇరవయ్యో రోజున మొదలై నాలుగు రోజుల్లో తేలిపోయింది.

వరద పోయాక కాఫీ చెట్టుకి చేసే పని ఒకటుంది. మొదళ్ళ మీద బురద ఎండి అట్ట కడుతుంది. అట్ట కింద బెరడు పొక్కులు లేస్తుంది. కాండం తొలిచే పురుగు గుడ్లు పెట్టడానికి ఆ పొక్కుల కోసమే కాచుకుని ఉంటుంది. అందుకని చేతికి గోనె ముక్క చుట్టుకుని, వేరు దగ్గర నుంచి మొదటి కొమ్మల దాకా పామాలి. బెరడు నున్నగా తేలాక సున్నం పుయ్యాలి. రోజంతా నడుం ఎత్తకుండా చేస్తే మనిషికి నలభై మొదళ్ళు. ఒంటి చేత్తో తెమిలే పని కాదు కనుక అక్కడ వంతులు పెట్టుకుంటారు. ముందు అందరూ నీ తోటలో, ఆ తరువాత అందరూ నా తోటలో. ఎవరి మొదళ్ళు వాళ్ళవే లెక్క. ఒకరి వంతు ఇంకొకరు ముట్టుకోరు.

ఇక్కడ ఆ అందరూ ముగ్గురే. ముంగి, అతని భార్య, పోయిన తమ్ముడి భార్య. ముంగి అన్నది అతని పేరు కాదు. మాట్లాడడు గనక అందరూ అలా పిలిచేవారు. నోట్లో నీళ్ళు పోసుకుని పుట్టాడని భార్య అనేది. కానీ అతను ఎప్పుడో ఒకసారి నోరు విప్పి ఔనంటే ఔను, కాదంటే కాదు. పంచాయితీలు ఆ ఒక్క ముక్కతో తెగిపోయేవి.

అతని తోటా, మరదలి తోటా పక్కపక్కనే. మధ్యన మేడి చెట్లు మొలిచిన పెద్ద గట్టు. అతని తోట మడుగు ఒడ్డున తుంగ ఆగిన చోట మొదలై పదిహేను వరుసలు పైకి ఎక్కుతుంది. మరదలి తోట అంతకంటే మెరక మీద మొదలవుతుంది. పది వరుసలు. రెండిటిమీదా పనస, మేడి, పేరు తెలియని అడవి చెట్లు గొడుగు పట్టినట్టు ఉంటాయి. ఈ తోటలో నిలబడితే ఆ తోట కనబడదు.

వంతు ప్రకారం ముందు ముంగి తోట పట్టుకున్నారు. ఆ ఏడు నీళ్ళు అతని పన్నెండో వరుస దాకా వచ్చాయి. కింది వరుసల్లో తొడ లోతున బురద గీత ఉంది. దాన్ని ఎక్కువ భాగం పామింది మరదలే. ఆవిడ చెయ్యి చురుకు. అయిదో రోజు మధ్యాహ్నం ఒళ్ళు వెచ్చబడి ఆవిడ ఇంటికి వెళ్ళిపోయింది. నీళ్ళు ఎక్కకపోయినా పురుగు పాకుతుందని పామే పై వరుసలో ఆవిడ వంతు ఇరవై మొదళ్ళు మిగిలాయి.

ఆరో రోజు పొద్దున జ్వరం తగ్గిందని, తన తోటలోకి రావచ్చని ఆవిడ కబురు పంపింది. ముంగి పీపాలోకి చూశాడు. సగం సున్నం మిగిలి ఉంది. జిగురు కలిపిన సున్నం ఆ సాయంత్రం దాటితే గడ్డ కడుతుంది. పామని మొదళ్ళకి పుయ్యడానికి లేదు. పారబొయ్యడానికి అతనికి చేతులు రాలేదు. రేపు వస్తామని చెప్పి, ఆ రోజంతా కూర్చుని నీడ చెట్ల మొదళ్ళు కూడా తుడిచి, అన్నిటికీ నడుం ఎత్తున పూసేశాడు. మర్నాడు వాన పట్టుకుంది. తడి బెరడు పామితే చెట్టు తోలు ఊడుతుంది. రెండు రోజులు ఆగారు. తొమ్మిదో రోజు పొద్దున్నే గోనె ముక్కలు తీసుకుని బయలుదేరబోతుంటే మడుగు ఆఫీసు వాళ్ళు వచ్చారు.

వచ్చినవాళ్ళు ఇద్దరు. సర్వేయరు కొత్తవాడు, మనిషి నెమ్మది, మోకాళ్ళ దాకా బూట్లు. గార్డు పాతవాడే. అతని చేతిలో ఎర్ర రంగు డబ్బా ఉంది. మడుగుని సర్కారు కాపుదలలోకి తీసుకుని రెండేళ్ళయింది. దానిమీద తోటలవాళ్ళకి పగేమీ లేదు. మడుగు చల్లదనం లేకపోతే ఎండాకాలం పూత నిలవదని వాళ్ళకి తెలుసు. కాఫీ పండు కడిగిన నీళ్ళు కూడా గుంటల్లో ఇంకబెట్టుకునేవారు గాని మడుగులోకి వదిలేవారు కాదు. హద్దు ఎక్కడ అన్నదే తేలకుండా ఉంది. ఏటేటా నీళ్ళు నిలిచే నేల మడుగుది, అందులో కాఫీ మొక్క ఉండకూడదు, చెట్లు మాత్రం ఉంటాయి. ఇదీ ఆర్డరు. ఎత్తులు చూసే యంత్రం ఇంకో చోటికి పోయిందనీ, వచ్చేసరికి రెండు నెలలు పడుతుందనీ, అందుకని వరద గుర్తులు చూసి గీత గియ్యమన్నారనీ సర్వేయరు చెప్పాడు.

ముందు ముంగి తోటలో దిగారు. పై వరుసలో మిగిలిన ఇరవై తప్ప మొదళ్ళన్నీ తెల్లగా, పెళ్ళికి వేసిన రాటల్లా ఉన్నాయి. వరద తెచ్చిన ఒండ్రుని ముంగి అప్పటికే పాదుల్లోకి తవ్వేశాడు. కొట్టుకుపోయిన కంచె గుంజల చోట కొత్తవి పాతేశాడు. సర్వేయరు ఒక పనస చెట్టు దగ్గర వంగి చూసి, సున్నం మీద వేలితో గీకి, మళ్ళీ నిలబడ్డాడు.

"పెద్దాయనా, మొన్న నీళ్ళు ఈ వరుసల్లోకి వచ్చాయా?"

ముంగి తన కాళ్ళ వేపు చూశాడు. చెప్పకూడదని అనుకోలేదు. ఎప్పుడూ ఉన్నట్టే మాట గొంతు దగ్గర నిలబడింది. అది పైకి వచ్చే లోపల అతనికి కింది నాలుగు వరుసలు కనబడ్డాయి. ఏటేటా వానలకి మడుగు ఆ నాలుగు వరుసల్లోకి వస్తుంది, పోతుంది. ఒండ్రు తిని ఆ చెట్లు మిగతావాటికంటే రెట్టింపు కాస్తాయి. ఆ నాలుగే ఇంట్లో పొయ్యి వెలిగించేవి. మాట వెనక్కి పోయింది.

"ఆయన మాట్లాడడు సార్," అన్నాడు గార్డు. "వచ్చి ఉంటే చెప్పేవాడు. అబద్ధం ఆయన ఇంటా వంటా లేదు."

సర్వేయరు ఇంకాసేపు చూశాడు. ముంగి మెడ మీద చెయ్యి వేసుకుని రుద్దుకున్నాడు. సర్వేయరు కాగితం మీద రాసుకున్నాడు. గార్డు కింది వరుసకి అవతల, తుంగ మొదట్లో ఉన్న చెట్టుకి ఎర్ర పట్టీ వేశాడు.

గట్టు దాటి మరదలి తోటలోకి వెళ్ళారు. ముంగి వెనకాలే వెళ్ళాడు, ఎందుకు వెళ్ళాడో తెలియదు. అక్కడ ఎవరూ పామలేదు. పది వరుసల్లో ఏడింటికి మోకాలి ఎత్తున బురద గీత దారం పట్టి గీసినట్టు ఉంది. సర్వేయరు ఒక్కొక్క మొదలే చూసుకుంటూ పైకెక్కాడు. ఏడో వరుస దగ్గర ఆగి, ఎర్ర పట్టీ అక్కడ వెయ్యమన్నాడు.

మరదలు గోనె ముక్క చేతికి చుట్టుకునే ఉంది, ఇంకా విప్పలేదు. ఇదేం కొలతని అడిగింది. మడుగు మొత్తం పొంగిన ఏడు ఇదనీ, మామూలు ఏళ్ళలో తన తోటలోకి చుక్క నీరు రాదనీ చెప్పింది. సర్వేయరు విసుక్కోలేదు. "ఇంత వరదలోనూ మడుగుని ఆనుకుని ఉన్న ఆ తోట తడవలేదమ్మా. మీది తడిసింది. అంటే మీది గుంట. ఏటా నీళ్ళు నిలిచే నేలే అయ్యుంటుంది."

"ఆ తోట తడవలేదని ఎవరు చెప్పారు?"

గార్డు ముంగి వేపు చూశాడు. సర్వేయరూ చూశాడు. మరదలు మాత్రం ముందు తన చేతికున్న గోనె ముక్క వేపు చూసుకుంది. వాళ్ళ తోటలో బురద తుడిచిన గోనె ముక్క అదే. తరువాత తలెత్తింది.

"మా బావగారిని అడగండి," అంది.

మేడి చెట్టు మీద కొంగ ఒకటి రెక్కలు దులుపుకుంది. ముంగి నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. మూడు రోజులు పోయాక హద్దు రాళ్ళు పాతుతామనీ, పాతాక నెల లోపల ఏడు వరుసలూ పీకెయ్యాలనీ సర్వేయరు చెప్పి, రంగు డబ్బా మూత పెట్టించాడు.

మర్నాడు ముంగి లేచి తోటలోకి వెళ్ళేసరికి పై వరుసలో చప్పుడు వినబడింది. గోనె బెరడు మీద రాసుకునే చప్పుడు, సరసరమని. వెళ్ళి చూశాడు. మరదలు మోకాళ్ళ మీద కూర్చుని పాముతోంది. తన వంతు మిగిలిన ఇరవై మొదళ్ళు. అప్పటికి ఆరు అయ్యాయి. పక్కన చిన్న డబ్బాలో సున్నం కూడా తనే కలుపుకుని తెచ్చుకుంది.

అతను పొద్దంతా అక్కడే తచ్చాడాడు. చేసే పని లేకపోయినా నీడ కొమ్మలు చూస్తున్నట్టు తల ఎత్తుకుని నిలబడ్డాడు. ఆవిడ ఒక్కో మొదలునీ చుట్టూ తిప్పి పాముతోంది. కణుపు దగ్గర గోనె పట్టకపోతే బొటనవేలి గోటితో గీకుతోంది. రాలిన పొట్టు చెట్టు కింద ఉండిపోతే పురుగు అందులో చేరుతుందని చీరకొంగులో వేసుకుని గట్టవతల పారబోసి వస్తోంది. తన సొంత తోటలో ఏ మొదలుకీ అంత ముచ్చట జరగలేదు. ఇక జరగనూ జరగదు. పీకేసే చెట్టుకి పురుగు పడితేనేం, పట్టకపోతేనేం.

ఇరవయ్యోది అయ్యాక గోనె ముక్క దులిపి, మడిచి, నడుంలో దోపుకుంది.

"నా వంతు అయిపోయింది బావగారూ," అంది. వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భార్య అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. ఆవిడకి సంగతంతా తెలుసు. అతను కంచంలో వేళ్ళు పెట్టి ఊరికే ఉండడం చూసి, తనే మొదలుపెట్టింది. అబద్ధం ఆడింది ఎవరూ లేరని చెప్పింది. అడిగినప్పుడు మాట్లాడకపోవడం అతనికి పుట్టుకతో వచ్చిన రోగం గాని నేరం కాదంది. ఆ నాలుగు వరుసలూ పోతే మిగిలేది చెట్లే గాని కాపు కాదనీ, ఈ వయసులో తను బుట్ట నడుముకి కట్టుకుని పరాయి తోటల్లో పండు కొయ్యడానికి పోవాలనీ వేళ్ళు మడుస్తూ చెప్పింది. తోడికోడలి మీద తనకి మాత్రం జాలి లేదా, కానీ ఎవరి నుదుటి రాత వాళ్ళది కదా అంది.

"ముప్ఫై ఏళ్ళలో నీ మౌనం నాకు పనికొచ్చింది ఇదొక్కసారి. దాన్ని కూడా పాడు చెయ్యకు," అంది చివరికి.

ముంగికి నవ్వొచ్చేదే. రాలేదు. కంచం పక్కకి జరిపి, వెళ్ళి కత్తులు ముందు వేసుకుని నూరడం మొదలుపెట్టాడు. నీడ చెట్ల కొమ్మల కోత అయిపోయి నెలైంది. ఆ కత్తులకి పదును అక్కర్లేదు. సాయంత్రం దాకా నూరుతూనే ఉన్నాడు. భార్య రెండుసార్లు వచ్చి చూసిపోయింది.

మూడో రోజు పొద్దున అతను ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. ఎక్కడికని భార్య అడగలేదు. గుమ్మానికి అడ్డంగా కూర్చుని చాటలో గింజలు ఏరుతోంది. అతను వచ్చి నిలబడితే కాళ్ళు ముడుచుకోవడానికి కొంచెం ఆలస్యం చేసింది, అంతే.

మడుగు ఆఫీసంటే వంతెన పక్కన రేకుల గది. గోడకి నీటి పక్షుల బొమ్మలు, మూలన పాతవలసిన రాళ్ళు, తలకి ఎర్ర రంగు పూసి వరసగా పెట్టి ఉన్నాయి. సర్వేయరు కాగితాలు సర్దుకుంటున్నాడు. ముంగి బెంచీ మీద కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. నీళ్ళు తన పన్నెండో వరుస దాకా వచ్చాయని చెప్పాడు. తొడ లోతు గీత ఉంటే పామించేశానని, సున్నం మిగిలితే నీడ చెట్లకి పూశానని, మరదలి వంతు తన వల్లే వెనకబడిందని, తన కింది వరుసల్లోకి మడుగు ఏటా వస్తుందని, ఆవిడ తోటలోకి ఈ ఒక్క ఏడే వచ్చిందని. అంత పొడుగు మాట అతను పుట్టి ఎరగడు. చెప్పాక రొప్పు వచ్చింది.

గార్డు కుర్చీలోంచి లేచాడు. సర్వేయరు మాత్రం కలం మూత పెట్టి తీసి, పెట్టి తీశాడు.

"మొన్న అడిగితే మీరు చెప్పలేదు," అన్నాడు. "ఆవిడ మీకేమవుతుంది?"

"మరదలు. తమ్ముడి భార్య."

"అదే. మొన్న ఎవరూ ఏమీ అనకముందు ఆ తోట తడవలేదు. ఆవిడ తోట పోతుందని తెలిశాక తడిసింది. రేపు పై ఆఫీసులో నన్ను అడిగితే ఏం చూపించమంటారు? మీ తోటలో బురద గుర్తు ఒక్కటి లేదు. ఉన్నదంతా సున్నం."

అతను కోపంగా అనలేదు. అందుకే ముంగికి ఆ మాట లోపలికి దిగింది. తన మాటకి ఎదురు మాట వినడం అతనికి ఇదే మొదలు. గార్డు వేపు చూశాడు. అబద్ధం ఇంటా వంటా లేదన్న గార్డు ఇప్పుడు కిటికీలోంచి వంతెన వేపు చూస్తున్నాడు.

రాళ్ళు రేపు పదింటికి బండిలో వస్తాయనీ, ఆ లోపల కంటికి కనబడేది ఏదైనా ఉంటే చూపించమనీ, లేకపోతే రాసిందే ఖాయమనీ సర్వేయరు చెప్పాడు. తనూ ఒక రైతు కుటుంబంలోనే పుట్టాననీ, కానీ తను రాసేది కళ్ళతో చూసిందేననీ అన్నాడు.

ముంగి తిరిగి ఇంటికి పోలేదు. తిన్నగా తోటలోకి పోయాడు. సాయంత్రం దాకా ఒక్కొక్క మొదలు దగ్గరా వంగి వెతికాడు. కొమ్మ చీలికల్లో, పనస చెట్టు తొర్రలో, మిరియం తీగ వెనక. ఎక్కడైనా ఒక్క బురద చారిక మిగిలి ఉంటుందేమోనని. మరదలి చెయ్యి దేన్నీ వదల్లేదు. ఆవిడ వదిలిన చోట అతని సున్నం కుంచె వదల్లేదు. చెట్లన్నీ తెల్లగా, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాయి. తన తోట ఎన్నడూ అంత శుభ్రంగా లేదు.

పొద్దు వాలుతుండగా కింది వరుసలో చతికిలబడ్డాడు. చెయ్యి ఆనించిన చోట మట్టి మెత్తగా దిగబడింది. వేళ్ళతో అలవాటుగా కెలుకుతూ కూర్చున్నాడు. జానెడు లోపలికి పోయాక చెయ్యి ఆగింది. ఆ గుంటలోకి వంగి చూశాడు. మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గబుక్కున లేచి, చుట్టూ ఎవరైనా చూశారా అన్నట్టు చూసి, గుంట కప్పేశాడు. ఎందుకు కప్పాడో ఇంటికి నడుస్తుంటే తెలిసింది. ఆ నాలుగు వరుసలూ దక్కుతాయన్న ఆశ ఇంకా చావలేదు.

భార్య గుమ్మంలోనే ఉంది. ఆఫీసులో ఏమైందో చెప్పాడు, నమ్మలేదని చెప్పాడు. ఆవిడ ఊపిరి వదిలింది. మరి చెప్పాల్సింది చెప్పావు, వాళ్ళు వినకపోతే అది వాళ్ళ పాపం, ఇక నీ మెడకి చుట్టుకోదు అంది. ఆ మాట ఎంత చల్లగా ఉందంటే, అతను దాని కింద కాసేపు నిలబడ్డాడు. తరువాత దొడ్లోకి వెళ్ళి గడ్డపార ఎక్కడుందో చూసుకుని వచ్చాడు. ఆవిడ అదీ చూసింది.

మర్నాడు తెల్లారుతూనే గడ్డపార, పార భుజాన వేసుకుని కింది వరుసలోకి దిగాడు. వరుస మధ్యన, మంచి కాపు మీదున్న రెండు చెట్ల నడుమ చోటు చూసి తవ్వాడు. వేళ్ళు అడ్డం వస్తే తెంచాడు. తెగిన వేరు తెల్లగా, తడిగా మెరిసింది. మోకాలి లోతు పోయాక గోతి గోడని పారతో నిలువుగా చెక్కి, వెనక్కి జరిగి చూశాడు. పైన ఏటా పార తిరిగే ఎర్రమట్టి జానెడు. ఆ కింద బూడిద రంగు ఒండ్రు, దాని కింద నల్లటి కుళ్ళాకు, మళ్ళీ ఒండ్రు, మళ్ళీ ఆకు, పొర మీద పొర. ప్రతి ఒండ్రు పొరలోనూ గోరంత నత్తగుల్లలు, తెల్లగా, గుత్తులుగా. ఒక్క వరదకి ఇన్ని పొరలు పడవు. ఇంత నత్త బతకదు. అది మడుగు నేల. అతను పుట్టకముందు నుంచీ మడుగుదే.

గుల్లలు గుప్పెడు తీసి గోతి గట్టు మీద కుప్పగా పోశాడు. రెండో వరుసలోకి ఎక్కాడు. తవ్వాడు. అక్కడా వచ్చాయి. మూడో వరుసలో వచ్చాయి. నాలుగో వరుసలో తవ్వుతున్నప్పుడు పైన అడుగుల చప్పుడు వినబడింది. భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి గట్టు మీద పెట్టింది. కుప్పల వేపు చూసింది. కొంగు నడుంలో దోపుకుని, అతను తవ్విపోసిన మట్టిని చెట్ల మొదళ్ళ మీద పడకుండా చేతులతో వెనక్కి లాగడం మొదలుపెట్టింది.

నాలుగు గోతుల తరువాత ఆగుదామనుకున్నాడు. తనకి తెలిసింది నాలుగే. కానీ అయిదో వరుసలో గుల్ల లేదని చూపిస్తేనే గీత ఎక్కడో తేలుతుంది. అయిదో వరుసలో తవ్వాడు. గుల్లలు వచ్చాయి. కొంచెం లోతున, కానీ వచ్చాయి. ఆరో వరుసలోనూ వచ్చాయి.

గట్టు మీద మేడి చెట్ల మధ్య మరదలు నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో అతను చూడలేదు. ఆవిడ కుప్పలన్నీ ఒక్కొక్కటే చూసి, అతను ఏడో వరుసలో గడ్డపార దింపుతుంటే గట్టు దిగి దగ్గరికి వచ్చింది. దూరంగా వంతెన మీద బండి చక్రాల చప్పుడు మొదలైంది.

"చాలు బావగారూ," అంది. "నా తోట నిలబడడానికి ఈపాటివి చాలు. ఇక ఆపండి."

అతను గోతిలోకి వంగి, మట్టి పిడికిట్లోకి తీసుకుని, అరచేతిలో నలిపి చూశాడు. చెయ్యి తెరిచి ఆవిడకి చూపించాడు.

"ఇంకా వస్తున్నాయమ్మా," అన్నాడు.

ఆ గుప్పెడూ గట్టు మీద పోసి, గడ్డపార తీసుకుని ఎనిమిదో వరుసలోకి ఎక్కాడు.